పిల్ల పందికొక్కు ఇల్లు వెతుక్కునే దారి, దాన్ని మీ కాంపౌండ్‌లో స్థిరపడనీయని పద్ధతి

"మందు పెట్టించాం. రెండు చచ్చాయి. నెల తిరక్కుండానే అదే గోడ పక్కన మళ్లీ మట్టి కుప్ప." బెంగళూరులో కేఆర్ పురం, మారతహళ్లి, హెచ్ఎస్ఆర్ లేఔట్ వైపు నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లు దాదాపు అందరూ 30×40 అడుగుల సైట్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లు. నేనూ అలాంటి ఇంట్లోనే ఉంటాను.

మళ్లీ వచ్చినవి పాతవి కావు. పక్క కాలువలోనో ఖాళీ సైట్‌లోనో పుట్టి, పాలు మానేసి, సొంత గూడు వెతుక్కుంటూ బయల్దేరిన పిల్లలు. మీరు చంపినవాటి బొరియ వాటికి కట్టి ఉంచిన ఇల్లులా దొరికింది. పది నెలల అడ్వాన్సు అడగని ఓనరు బెంగళూరులో దొరికితే ఎవరు వదులుకుంటారు?

అందుకని ఈ పద్ధతిలో చంపడం చివర్లో, అదీ కొంచెమే. ఎక్కువ పని ఆ పిల్ల చూసే చూపులో మీ చోటు నచ్చకుండా చేయడం. మొత్తం మూడు వారాలు పడుతుంది.

## 1. వచ్చింది పందికొక్కేనా?

మూడు జంతువుల్ని కలగాపులగం చేస్తున్నారు. ముందు ఇది తేల్చుకోండి.

పందికొక్కు. మొద్దు ముక్కు, గరుకు వెంట్రుకలు, నేల మీదే తిరుగుడు. దారి కట్టేస్తే వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. చిన్న రకం పెరిగాక పావుకిలో అటూ ఇటూ ఉంటుంది, తోక ఒంటికన్నా పొట్టి. పెద్ద రకం కిలో దాకా తూగుతుంది. కన్నం ముందు తాజా మట్టి కుప్ప దీని సంతకం.

ఇంటి ఎలుక. సన్నటి ఒళ్లు, పెద్ద చెవులు, ఒంటికన్నా పొడవైన తోక. కేబుళ్లు, పైపులు పట్టుకుని అటకెక్కుతుంది. మీది ఇదైతే ఈ పద్ధతిలో సగం మీకు పనికిరాదు.

చుంచు. పొడుగు మూతి, ఆవగింజంత కళ్లు, ఘాటు వాసన. పిల్లలు ఒకదాని తోక దగ్గర ఒకటి కరుచుకుని రైలుబండిలా తల్లి వెనక నడుస్తాయి. దీన్ని పిల్ల పందికొక్కు అనుకుని చీపురుతో కొట్టి చంపేవాళ్లు చాలామంది. చుంచు బొద్దింకలు, పురుగులు తినే జీవి. మట్టి కుప్పలు పోయదు. దాని మానాన దాన్ని వదిలేయండి.

మాటల దగ్గర కూడా జాగ్రత్త. కన్నడంలో పందికొక్కును హెగ్గణ అంటారు. కాలువ శుభ్రం చేసేవాళ్లకు, హార్డ్‌వేర్ షాపులో "ఇలి" అని చెబితే చిన్న ఎలుక అనుకుని చిన్న బోను చేతికిస్తారు. పెస్ట్ కంట్రోల్ వాళ్లు బాండికూట్ అంటారు. అదీ మన పందికొక్కు మాటే, ఊరు తిరిగొచ్చింది.

## 2. పిల్ల ఎప్పుడు, ఎందుకు బయల్దేరుతుంది

చిన్న రకం పందికొక్కు మూడు వారాలకు కాస్త పైగా మోసి ఈనుతుంది. ఈతకు అయిదారు నుంచి పది పిల్లలు. దాదాపు నాలుగు వారాలకు పాలు మానతాయి, మూడు నెలలకు అవీ ఈతకొస్తాయి.

అసలు కిటుకు తల్లి దగ్గర ఉంది. ఈనిన కొద్ది రోజులకే అది మళ్లీ చూలు కట్టగలదు. మొదటి జట్టు పాలు మానే వేళకు రెండో జట్టు కడుపులో సిద్ధం. ఎదిగిన పందికొక్కులు సాధారణంగా ఒకే బొరియలో కలిసి బతకవు, తల్లీ పిల్లలు తప్ప. కాబట్టి ఎదిగిన పిల్లకు ఇంట్లో చోటుండదు.

ఎవరు ఎంత దూరం పోతారన్నదానికీ ఓ తీరుంది. క్షీరదాల్లో ఎక్కువగా మగపిల్లలు దూరం పోతాయి, ఆడపిల్లలు పుట్టిన చోటికి దగ్గర్లో ఉండిపోతాయి. కాలిఫోర్నియా కొండల్లో నేల బొరియల్లో ఉండే బెల్డింగ్ ఉడతల మీద కే హోల్‌క్యాంప్ అనే జీవశాస్త్రవేత్త 1980ల్లో చేసిన పరిశీలనలో మగవి దాదాపు అన్నీ మొదటి ఏడాదిలోపే ఇల్లు వదిలాయి. అదీ ఆకలికి పారిపోయినట్టు కాదు, ఒంట్లో తగినంత బరువు చేరాకే. అరిజోనా ఎడారిలో కంగారూ ఎలుకల కథ వేరు. అక్కడ బొరియలున్న మట్టిదిబ్బ కట్టడానికి ఏళ్లు పడుతుంది గనక పిల్లలు దిబ్బ వదలడానికి ఇష్టపడవు, వదిలినా దగ్గర్లో ఖాళీ దిబ్బ ఉందేమో చూసుకుంటాయి.

అవి ఉడతలు, ఇవి పందికొక్కులు. ఎక్కడి లెక్క అక్కడే. అయినా మన పనికి రెండు సంగతులు తీసుకోవచ్చు.

ఒకటి: మీ పెరట్లో తల్లి ఈనితే తర్వాతి కన్నం మీ పెరట్లోనో, పక్కింటి గోడవారనో పడే అవకాశం ఎక్కువ. వెతుకులాట అక్కడ మొదలుపెట్టండి.

రెండు: తిండి బాగా దొరికే చోట పిల్లలు త్వరగా ఒళ్లు చేస్తాయి, త్వరగా బయల్దేరతాయి. చెత్త సంచి మీ గేటు ముందుంటే ఆ పోషణ మీ చేతి మీదుగా జరుగుతున్నట్టే.

ఇంకో విషయం, ఇది పద్ధతికంతా ఆయువుపట్టు. పిల్ల ఒక్క రాత్రిలో మూటాముల్లె సర్దుకుని వచ్చేయదు. కొన్ని రాత్రులు వచ్చి చూసి వెనక్కి పోతుంది. ఆ రాత్రులే మీకు దొరికే గడువు.

ఒక అక్టోబరు రాత్రి వాన వెలిశాక మెట్ల మీద కూర్చున్నాను, టార్చికి ఎర్ర గాజు కాగితం చుట్టుకుని. పదకొండున్నరకు కాంపౌండ్ గోడ డ్రైన్ బెజ్జంలోంచి మూతి బయటపెట్టింది. అరచేతికి కాస్త ఎక్కువ, ఇంకా ఎదిగే ఒళ్లు. గోడను ఒంటికి రాసుకుంటూ సంపు మూత దాకా పరుగెత్తింది, ఆగింది, వెనక్కి బెజ్జంలోకి. మళ్లీ వచ్చింది. ఈసారి పూలకుండీల వెనక దూరి అక్కడ రెండు నిమిషాలు. మూడోసారి సంపు పక్క బండ కింద ముందుకాళ్లతో గీకడం మొదలుపెట్టింది, తడి ఎర్రమట్టి పొట్ట కిందుగా వెనక్కి ఎగిరిపడుతోంది. బెత్తెడు లోతు తవ్వి వెళ్లిపోయింది. నేలంతా తెరిచి ఉన్న నడిమధ్యకు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

## 3. చోటు ఎంచుకునేటప్పుడు అది చూసేవి

పైన కప్పు, కింద మెత్తన. ఇది అన్నిటికన్నా ముందు. బండ, సిమెంటు పలక, సంపు అంచు, మెట్ల అడుగు: పైకప్పు కూలకుండా గట్టిగా ఉండాలి, కింద గోరుకు తెగే మట్టి ఉండాలి. మన ఇళ్ల చుట్టూ ఉండేది సరిగ్గా ఇదే. పునాది తవ్విన మట్టినే తిరిగి పోసి, సరిగా దిమ్మిస కొట్టకుండా పైన టైల్స్ వేసేస్తారు. ఎర్రమట్టి ఎండితే రాయి, తడిస్తే వెన్న.

నీడలో నడిచే దారి. తెరిచిన నేల దానికి గుడ్లగూబ, పిల్లి, ముంగిస. కాబట్టి గోడవార, కుండీల వెనక, బండల కింద తప్ప నడవదు. పక్క సైట్‌లో వయ్యారిభామ నడుమెత్తు పెరిగి, కూల్చిన ఇళ్ల రాళ్లు పోసి ఉంటే కాలువ నుంచి మీ గోడ దాకా పందిరి వేసినట్టే.

దగ్గర్లో తిండి. రాత్రి బయటపెట్టిన తడి చెత్త, పావురాలకు చల్లిన గింజలు, వీధి కుక్కలకు పెట్టి వదిలేసిన అన్నం. పందికొక్కు గింజల్ని బొరియలో దాచుకుంటుంది కూడా.

ఖాళీ పాత బొరియ. తవ్వే శ్రమ లేదు, తవ్వేటప్పుడు దొరికిపోయే ప్రమాదం లేదు. మందు పెట్టి ఊరుకుంటే ఎందుకు చాలదో ఇక్కడే తెలుస్తుంది.

పుట్టింటి పోలిక. చాలా జంతువులు తాము పెరిగిన చోటులాంటి చోటునే కొత్త ఇల్లుగా ఇష్టపడతాయి. కాలువ పలకల కింద పుట్టిన పిల్లకు మీ కార్ పార్కింగ్ అంచున ఉన్న నీళ్ల కాలువ, పైన పలకతో సహా, అమ్మ ఇల్లులా కనబడే వీలుంది. వెతకడం అలాంటి చోట్ల నుంచే మొదలుపెట్టమంటాను.

## 4. దగ్గర పెట్టుకోవాల్సినవి

- మందపాటి రబ్బరు చేతొడుగులు, గమ్‌బూట్లు
- టార్చి, దానికి ఎర్ర గాజు కాగితం
- ముగ్గుపిండి కిలో, జల్లెడ
- సుద్దముక్క, నోటుపుస్తకం
- 6 మిల్లీమీటర్ల కన్నున్న జీఐ (జింకు పూత ఇనుప) వెల్డెడ్ మెష్ (అర అంగుళం కన్నుది ఇస్తారు, వద్దనండి)
- సిమెంటు, ఇసుక, 40 ఎంఎం జల్లి (బెంగళూరులో కంకరను జల్లి అనే అడగాలి)
- తలుపు కింద బిగించే లోహపు పట్టీ
- పెద్ద సైజు ఇనుప బోనులు రెండు

కన్నంలో చెయ్యి పెట్టకండి. చేతొడుగు ఉన్నా సరే. నాగుపాము, జెర్రిపోతు ఇలాంటి బొరియల్లోనే తలదాచుకుంటాయి. లోపల పాము ఉందని అనుమానం వస్తే పని ఆపి పాములు పట్టేవాళ్లను పిలవండి.

## 5. మూడు రాత్రుల లెక్క

ఈ మెట్టు దాటేసి నేరుగా సిమెంటు కలిపేవాళ్లే ఎక్కువ. నేనూ అదే చేశాను. కొత్తింట్లోకి వచ్చిన మొదటి వానాకాలంలో గోడ పక్కన ఒక కన్నం కనబడితే గంపెడు కాంక్రీటు కుక్కాను. రెండో రోజు మూరెడు దూరంలో, సంపు పక్కన, ఇంకోటి. ఆ తర్వాత పార్కింగ్‌లో రెండు టైల్స్ కుంగాయి. తణుకు దగ్గర వరిపొలాల్లో ఎలుకలతో జీవితమంతా గడిపిన మా పెదనాన్నకు ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు. "మూసేసి పడుకుంటే ఎట్టారా? సాయంత్రం అన్నీ మట్టితో మూసెయ్. పొద్దున్నే లేచి ఏది తెరుచుకుందో చూడు. అది కాపురమున్న కన్నం. మిగతావి ఉత్తివే."

పొలాల్లో కాపురమున్న కన్నాల్ని లెక్కపెట్టే పద్ధతి ఇదే. ఇంటికి ఇలా మార్చుకోండి.

మొదటి సాయంత్రం. కాంపౌండ్ పటం గీయండి. ప్రతి కన్నానికి గోడ మీద సుద్దతో అంకె వేయండి. వదులు మట్టితో పైపైన మూయండి, తొక్కవద్దు.

మొదటి ఉదయం. తెరుచుకున్నవాటికి సున్నా చుట్టండి. ఒక చిక్కుంది: పందికొక్కు పగలు తానే లోపలి నుంచి కన్నానికి మట్టి బిరడా పెట్టుకుంటుంది. అందుకని మూసి ఉన్నా, పైన మట్టి తడిగా, పలుకులుగా, కొత్తగా ఉంటే అది కాపురమున్నదే.

రెండో సాయంత్రం. డ్రైన్ బెజ్జం, గేటు మూల, సంపు పక్క, మెట్ల అడుగు: ఇలా నాలుగైదు చోట్ల గోడవార అడుగు పొడవు, అడుగు వెడల్పున ముగ్గుపిండి జల్లించండి. వాన పడేలా ఉంటే పైన వాలుగా ఓ రేకు పెట్టండి.

రెండో, మూడో ఉదయాలు. అడుగులు చదవండి. ముందుకాలికి నాలుగు వేళ్లు, వెనకకాలికి అయిదు. పెద్ద అడుగుల పక్కన చిన్నవి పడితే పిల్లలు నడక నేర్చి తిరుగుతున్నాయన్నమాట. చిన్న అడుగులే ఉండి, ఒకే వైపు నుంచి వచ్చి అదే వైపు పోతే అది ఇల్లు చూడటానికి వచ్చిన పిల్ల. అది ఏ బెజ్జం గుండా వచ్చిందో మీ పటంలో ఎర్రగా గుర్తు పెట్టండి.

బెత్తెడు లోతున్న గీకుళ్లు వరుసగా రెండు మూడు, ముందు గుప్పెడంత మట్టి: అది ఇంకా బేరంలో ఉంది. కుప్ప చేటంత అయితే చేరిపోయినట్టు.

## 6. పని వరుస

వరుస మార్చకండి. కన్నం ముందు మూసి తిండి తర్వాత ఆపితే అది మీ నేల కింద ఇంకో చోట తవ్వుతుంది.

మొదటి వారం: తిండి, నీళ్లు. తడి చెత్త ఉదయం బండి వచ్చేటప్పుడే బయటికి. అప్పటిదాకా మూత బిగిసే డబ్బాలో. గింజలు చల్లడం ఆపండి. ఆపలేకపోతే పొద్దున చల్లి, సాయంత్రానికి ఊడ్చేయండి. కుక్క గిన్నె రాత్రి లోపలికి. కారుతున్న కుళాయి, సంపు పొంగు బాగు చేయించండి. ఇదంతా మీరొక్కరే చేస్తే సగం ఫలితమే. పక్కింటివాళ్లతో, ఎదురు హోటల్‌వాళ్లతో మాట్లాడక తప్పదు.

అదే వారం చివర: నీడ తీసేయడం. కుండీల్ని గోడకు రెండడుగుల ఎడంగా జరపండి, వీలైతే ఇనుప స్టాండు మీద పెట్టండి. పాత టైల్స్, కొబ్బరి మట్టలు, విరిగిన కుర్చీలు బయటికి. గోడవారన నేల ఒక చివర నుంచి రెండో చివర దాకా మీ కంటికి కనబడాలి.

రెండో వారం: దారి. గోడలో నీళ్లు పోయే బెజ్జాలకు 6 మిల్లీమీటర్ల మెష్ బిగించండి, తీసి శుభ్రం చేసుకునేలా చట్రంతో. వాననీళ్లు ఆగిపోతే మీరే మెష్ పీకేస్తారు, చాలా ఇళ్లలో జరిగేది అదే. గేటు కింద, స్టోర్ తలుపు కింద సందు చిటికెన వేలు పట్టనంతకు తగ్గించండి. సైజు రాళ్లతో కట్టిన పాత గోడైతే రాళ్ల మధ్య సందులకు సిమెంటు పూయించండి; ఒక్క సందు వదిలినా పని వృథా.

రెండో వారం చివర: బొరియలు. కాపురం లేనివి ముందు మూసేయండి. కాపురమున్నవాటి దగ్గర బోను పెట్టండి (కింద చెబుతాను), ఖాళీ అయ్యాక మూసేయండి.

మూసే పద్ధతి ఇది. కన్నాన్ని గడ్డపారతో అడుగున్నర లోతు దాకా తెరవండి. సొరంగాన్ని కూలగొట్టండి. అడుగున మెష్ ముద్ద, దాని మీద జల్లి, దాని మీద సిమెంటు. పైపైన సిమెంటు పూస్తే లోపల సొరంగం అలాగే ఉంటుంది, ఇంకో వైపు నుంచి వచ్చే పిల్లకు సిద్ధాన్నంలా. కొందరు సీసాపెంకులు కలిపి పోస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. పందికొక్కు పక్కనుంచి తవ్వుకుపోతుంది, రెండేళ్ల తర్వాత మొక్క నాటే మనిషి చెయ్యి తెగుతుంది.

మూడో వారం: నేల. ఖర్చు ఇక్కడే, నిలిచే పనీ ఇదే. ఇంటి గోడ వెంట రెండడుగుల వెడల్పు, అర అడుగు లోతు మట్టి తీసి 40 ఎంఎం జల్లి నింపండి. జల్లిలో సొరంగం నిలవదు, తవ్వేకొద్దీ జారిపోతుంది. మూలలు, సంపు చుట్టూ, మెట్ల పక్కన మెష్‌ను నిలువునా రెండడుగుల లోతు దింపి, అడుగున బయటివైపుకు అడుగు వంచండి. కిందికి తవ్వుతూ వచ్చేది ఆ వంపుకు తగిలి ఆగుతుంది.

అంతటా చేయించే స్తోమత లేకపోతే ఎర్ర గుర్తున్న చోట్లే చేయించండి. ఫ్లోరింగ్ మొత్తం పగలగొట్టిద్దామనే కాంట్రాక్టరు మాట మాత్రం వినకండి. నా స్నేహితుడొకడు విన్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏంటో బిల్లు చూశాక తెలిసింది.

## 7. బోను పెట్టడం

బోనును గోడకు ఆనించి, నోరు అది నడిచే దారికి ఎదురుగా పెట్టండి. మొదటి మూడు రాత్రులు తలుపు తెరిచే కట్టేయండి. లోపల వేరుశెనగ గుళ్లు, ఎండుచేప ముక్క. కొత్త వస్తువంటే ఎలుకజాతికి అనుమానం. తిని పోవడం అలవాటయ్యాక నాలుగో రాత్రి తలుపు కట్టు విప్పండి.

పొద్దున ఆరింటికల్లా చూడండి. ఎండలో మధ్యాహ్నం దాకా వదిలేయడం క్రూరత్వం. జిగురు అట్టలు అసలే వద్దు. జంతు సంక్షేమ మండలి వాటికి వ్యతిరేకంగా రాష్ట్రాలకు సలహా ఇచ్చింది. అతుక్కున్న జీవి గంటల తరబడి చస్తుంది, ఒక్కోసారి తొండలు, పిట్టలు కూడా.

పట్టిన పందికొక్కును చెరువు గట్టున వదిలేసి పుణ్యం కట్టుకున్నామనుకుంటారు. అది అక్కడి ఇళ్ల దారి పడుతుంది, లేదా తెలియని చోట చస్తుంది. కార్పొరేషన్ వాళ్లకో, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లకో అప్పగించండి.

బోనులో పాలిచ్చే తల్లి పడితే, అంటే పొట్ట కింద చన్నులు ఉబ్బి కనబడితే, ఆ బొరియలో పాలు మానని పిల్లలున్నాయి. వెంటనే పైన సిమెంటు పోస్తే లోపల చచ్చి పది రోజులు ఇల్లు కంపు కొడుతుంది. పెస్ట్ కంట్రోల్ మనిషి వచ్చినప్పుడు ఆ బొరియను తవ్వించి గూడు తీయించండి, ఆ తర్వాతే మూయండి.

మందు గురించి: బ్రోమాడియోలోన్ తిన్న పందికొక్కును తిన్న గుడ్లగూబకూ పిల్లికీ ఆ విషం ఎక్కుతుంది. జింక్ ఫాస్ఫైడ్ కడుపులో విషవాయువుగా మారుతుంది, దానికి విరుగుడు లేదు. పిల్లలు, కుక్కలు తిరిగే పెరట్లో మీ చేత్తో పెట్టకండి. పెట్టించాల్సి వస్తే తాళం వేసే ఎరపెట్టెలోనే, ఆరో మెట్టు పనులన్నీ అయ్యాకే.

## 8. చేతులు, జ్వరం

పందికొక్కు మూత్రం కలిసిన తడిమట్టి, నిలవనీళ్ల వల్ల ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) రావచ్చు. కాలి పగుళ్లు, గాట్లు దాని దారులు. పెంటికల్ని పొడిగా ఊడవకండి. పది వంతుల నీళ్లలో ఒక వంతు బ్లీచ్ కలిపి చల్లి, అయిదు నిమిషాలాగి కాగితంతో తీయండి. ఈ పని చేశాక వారం, రెండు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం ఉంటే డాక్టరుకు ఎలుకల మట్టి ముట్టుకున్నానని మీరే చెప్పండి. చెప్పకపోతే డెంగ్యూ పరీక్షల దగ్గరే రోజులు గడిచిపోవచ్చు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు

"పిల్లిని పెంచాం, ఇంకేం?" పిల్లి చిన్న పందికొక్కునైతే పడుతుంది, ఎదిగినదాన్ని చూసి పక్కకు తప్పుకుంటుంది. పిల్లి కోసం పెట్టిన అన్నం రాత్రి ఎవరు తింటున్నారో ముగ్గుపిండి వేసి చూడండి.

శబ్దంతో ఎలుకల్ని తరుముతాయని అమ్మే ప్లగ్గులు. సొరంగంలో ఉన్నదానికి ఆ శబ్దం మట్టి దాటి చేరదు. డబ్బు దండగ.

కర్పూరం, పుదీనా, మిరప్పొడి. రెండు రాత్రులు. వానొస్తే ఒక్క రాత్రి.

కన్నంలో నీళ్లు పోయడం. బయటికి పారిపోతుంది, ఈదగలదు కూడా. మీ పునాది మట్టి మాత్రం కొట్టుకుపోతుంది.

ఒక్క ఇల్లే చేయడం. మా వీధిలో నాలుగిళ్లు కలిశాకే తేడా కనబడింది. అయిదో ఇంటాయన "మా ఇంట్లో లేవు సార్" అన్నాడు. ఆయన మెట్ల కింద ముగ్గుపిండి వేస్తే పొద్దున్నే బస్టాండులా ఉంది.

## 10. ఎప్పుడెప్పుడు మళ్లీ చూడాలి

పందికొక్కులు ఏడాది పొడవునా ఈనగలవు కాబట్టి పిల్లలు ఏ నెలలోనైనా రావచ్చు. కొన్ని రోజులు మాత్రం ప్రత్యేకం.

- మే నెల రెండో సగం. రుతుపవనాల ముందు ఆరో మెట్టు పనులు ముగించండి. తడవని మట్టిలో గుంతలు తీయడం కష్టమే, కూలీ ఎక్కువడుగుతారు. అయినా అప్పుడే.
- సెప్టెంబరు, అక్టోబరు. పెద్ద వానలు. రాజకాలువ (ఊరి వాననీళ్లు పోయే పెద్ద కాలువ) నిండిన మర్నాటి రాత్రి పలకల కింది కాపురాలన్నీ పైకొస్తాయి. ముగ్గుపిండి ఆ రాత్రే.
- పక్క సైట్‌లో జేసీబీ దిగిన రోజు. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బొరియలు తెగి పెద్దవీ పిల్లలూ ఒకేసారి వీధిన పడతాయి. పునాది తవ్వుతారని తెలిసిన వెంటనే ఆ వైపు గోడ బెజ్జాలు సరిచూసుకోండి, జేసీబీ పోయాక వారం రోజులు గోడ వెంట నడవండి.
- ప్రతి నెలా ఒక ఆదివారం. పావుగంట చాలు.

నెలవారీ పావుగంటలో చూడాల్సినవి:

- ☐ గోడ బెజ్జాల మెష్ ఊడలేదు, చెత్త అడ్డం పడలేదు
- ☐ జల్లి పట్టీ మీద మట్టి, ఆకులు పేరుకోలేదు (పేరుకుంటే మళ్లీ తవ్వదగ్గ నేలే)
- ☐ కుండీలు గోడ దగ్గరికి తిరిగి చేరలేదు (మా ఇంట్లో ప్రతిసారీ చేరతాయి)
- ☐ సంపు చుట్టూ టైల్స్ తట్టితే డొల్ల మోత లేదు
- ☐ కారు బానెట్ కింద కొరికిన వైరు, గింజల పొట్టు లేవు
- ☐ కొత్త గీకుడు లేదు

గీకుడు ఒక్కటి కనబడితే కంగారొద్దు. అదే రోజు సాయంత్రం దాన్ని తవ్వి, జల్లి కూరి, పైన బరువైన బండ పెట్టండి. ఎదురుగా ముగ్గుపిండి వేసి, అది ఏ బెజ్జంలోంచి వచ్చిందో పొద్దున్నే చూసి అక్కడ మెష్ బిగించండి.

మూడు రాత్రులు వరసగా పిండి చెదరకపోతే ఆ పిల్ల వేరే చోటు చూసుకుంది. చెదిరితే ఆరో మెట్టులో ఏదో వదిలేశారు. ముందు చెత్త డబ్బా మూత చూడండి.